చెయ్యి తిరగడం

ముప్ఫై ఎనిమిదేళ్లు చేపలు కోశాను
హీలో రేవులో, మంచుగడ్డల మధ్య, తెల్లారకముందే.
మనిషంత అహి చేపని
తల నుంచి తోక దాకా ఒక్క గీతలో విప్పేవాణ్ణి.
చెయ్యి తిరిగినవాడని రేవంతా పేరు.

ఇప్పుడీ పిల్ల, కేహావు,
పగలు టైర్ల షాపులో పనిచేసి
గోళ్లలో గ్రీజుతోనే పాఠానికొచ్చే పంతొమ్మిదేళ్ల పిల్ల
నా మణికట్టు పట్టుకుని చూసి
"అంకుల్, మీ చెయ్యి తిరగట్లేదు" అంటుంది.

ఫైర్ స్టేషన్ వెనక హాలు. మంగళవారం సాయంత్రం.
రేకుల మీద వాన.
ఇక్కడి వాన అడిగి రాదు, చెప్పి పోదు.
ఏడు మడత కుర్చీలు, ఏడుగురం,
అందరి ఒళ్లోనూ నాలుగు తీగల బుల్లి ఉకులేలే.
నాది కోడిపిల్లలా చంకలోంచి జారిపోతోంది.
గట్టిగా పట్టుకుంటే గొంతు మూగబోతుంది.
వదులుగా పట్టుకుంటే నేలకే.

"కిందికి" అంది. కిందికి నాకు తెలుసు.
ఠంగుమంది.
"కోస్తున్నారు. కొయ్యకండి, మీటండి."

"ఇప్పుడు పైకి" అంది.
చూపుడువేలు చివరి తీగకి
పగడపుబండలో గాలంలా చిక్కుకుంది.

పైకి వెళ్లడం కత్తికి పని కాదు కదా.
వేటుకీ వేటుకీ మధ్య
అదెలాగో పైకి చేరేది, నేనెప్పుడూ చూడలేదు.
ముప్ఫై ఎనిమిదేళ్లలో ఎన్ని లక్షలసార్లు లేచిందో
ఎవరూ లెక్క రాయలేదు,
దానికి కూలీ కూడా ఎవరూ ఇవ్వలేదు.

"తువ్వాలు లేనప్పుడు తడిచెయ్యి ఏం చేస్తారు?"
విదిలించాను.
పొలుసులూ మంచునీళ్లూ రోజంతా విదిలించిన చెయ్యే.
"అదే! అదే!" అని కుర్చీలోంచి లేచిపోయింది.
అదే అని తెలిశాక మళ్లీ రాలేదు.

మూడో వారం వరస నేర్పింది:
కిందికి, కిందికీ-పైకీ, పైకీ-కిందికీ-పైకీ.
రెండు పైకిల నడుమ ఒక కిందికి ఉంది.
అక్కడ వేలు తీగకి తగలకూడదట.
కానీ చెయ్యి మాత్రం వెళ్లాలట.

"తగలనప్పుడు వెళ్లడమెందుకు?"
అడిగింది నేను కాదు, ఫుర్తాదో గారు,
ఊరి ఉత్తరాలన్నీ ఒంటి భుజాన మోసి రిటైరైన మనిషి.
తీగల మీద ముద్రలు గుద్దుతున్నట్టే వాయిస్తుంది.

కేహావు బుర్ర గోక్కుంది.
"ఉత్తరం లేని ఇంటి ముందు నుంచి కూడా
నడిచేవారు కదా, ఆంటీ?"

ఫుర్తాదో గారు నవ్వింది. తర్వాత నవ్వలేదు.
"వంతెన పక్క పసుప్పచ్చ ఇల్లు" అంది మెల్లగా.
"ఒకాయన రోజూ గేటు దగ్గరే నిలబడేవాడు.
చెయ్యి ఊపి వెళ్లిపోయేదాన్ని."
కాసేపు వానే వాయించింది.

ఇంట్లో సాధన చేస్తున్నాను,
కారు స్టీరింగ్ మీదా, సూప్ గిన్నె అంచుమీదా.
మూడింటికి పాత అలవాటుకొద్దీ మెలకువొస్తే
దుప్పటి మీద చెయ్యి దానంతటదే ఆడుతోంది.
"ఎవర్ని విదిలించుకుంటున్నావు?" అంది మిత్సుకో
కళ్లు తెరవకుండానే.

నిన్న ఒక్కసారి, ఒక్క చుట్టు మాత్రం
ఏడుగురి చేతులూ ఆ ఖాళీ మీదుగా కలిసి వెళ్లాయి.
ఎవరి తీగా మోగలేదు.
అంత స్పష్టంగా ఇంకేదీ వినబడలేదు నాకు.
ఆ సంతోషంలోనే వేలు మళ్లీ చిక్కుకుంది,
నా వల్ల అందరూ ఆగిపోయారు.
"మళ్లీ" అంది కేహావు, వాచీ చూసుకుంటూ.

ఈ పొద్దున రేవుకి వెళ్లాను, చేపకని.
నా బల్ల దగ్గర ఇప్పుడొక కుర్రాడు, డారిన్.
కత్తి దిగడం చూళ్లేదు నేను,
లేవడం చూస్తున్నాను.
కుర్రాడు ఆగిపోయాడు.
"ఏంటంకుల్, తప్పు కోస్తున్నానా?"
"లేదు లేదు, కానివ్వు" అన్నాను,
జేబులో చెయ్యి కదులుతూనే ఉంది.